అత్తగారికి చదవని పేజీ

పొద్దున్న ఏడింటికి మూసుకున్న అత్తగారి గది తలుపు పదిన్నరైనా తెరుచుకోలేదు.

కోడలు రెండుసార్లు కాఫీ పెట్టింది. రెండుసార్లూ చల్లారిపోయింది. మూడోసారి పెడదామని గిన్నె తీసి, ఏమనుకుందో మళ్ళీ బోర్లించేసింది. కోడలు లేచి నిలబడితే శాసనసభలో మంత్రులు కాగితాలు వెతుక్కుంటారని పేరు. ఇంట్లో మాత్రం ఒక మూసిన తలుపు ముందు ఎటూ పాలుపోక, వంటింటికీ హాలుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"అత్తయ్యా, కాస్త ఏమన్నా నోట్లో వేసుకోండి. మాత్రల వేళ దాటిపోయింది."

లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు.

హాల్లో కిటికీ పక్కన కూతురు కూర్చుని ఉంది. ఒళ్ళో పేపరు. పద్ధెనిమిదేళ్ళ పిల్ల, పొద్దుటినుంచీ తల్లి మొహం చూడలేదు.

"నువ్వైనా పిలవవే."

"పిలిచాను. నా గొంతు వింటే ఇంకా ఏడుస్తోంది."

అత్తగారికి చదువు రాదు. బట్టల కంపెనీ హాజరు పుస్తకంలో పెట్టడానికని నేర్చుకున్న సంతకం ఒక్కటే వచ్చు. నలభై ఏళ్ళు చొక్కాలకి కాజాలు కుట్టి ఒక్కగానొక్క కొడుకుని పెంచిన మనిషి. రోజూ పొద్దున్నే మనవరాలు పేపరు చదవాలి, ఆవిడ వినాలి. కోడలు సభలో మాట్లాడిన మర్నాడైతే ముందే కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. "మన మూడు నిమిషాలు నిన్న ఎవరి దుమ్ము దులిపిందో చదవవే" అంటుంది.

మూడు నిమిషాలన్నది సభలో కోడలికి పడ్డ పేరు. ఏ పార్టీకీ చెందనివాళ్ళకి చర్చ ఆఖర్న, అందరూ టీకి లేచే వేళకి, అధ్యక్షులవారు మూడు నిమిషాలు విదిలిస్తారు. మొదట్లో వెక్కిరించడానికి పెట్టిన పేరే. ఇంట్లో అది ముద్దుపేరైపోయింది.

ఇవాళ పిల్ల ఆ ముద్దుపేరుతోనే మొదలుపెట్టి, చదువుతూ చదువుతూ, తండ్రి పాత ఉత్తరంలోంచి తీసి పేపరులో నల్లగీతల మధ్య వేసిన మూడు వాక్యాలు కూడా చదివేసింది.

"తొమ్మిది రోజులు ఓడ ఇక్కడే ఉంటుంది. పిల్లని తీసుకుని వచ్చెయ్. నువ్వు రాకపోతే మళ్ళీ ఓడెక్కేస్తాను." ఆ వాక్యాలే ఇప్పుడు తల్లికి కూడా చదివి వినిపించి, పిల్ల తలెత్తింది. "నాన్న మనల్ని రమ్మన్నాడా?"

కోడలు చల్లారిన కాఫీ గ్లాసు తీయబోయింది.

"అడుగుతున్నాను కదమ్మా. రమ్మన్నాడా, లేదా?"

"రమ్మన్నారు."

"మనం వెళ్ళలేదు."

"వెళ్ళలేదు."

"నేనాపకుండా చదివేశాను. అక్కడ ఆగాలని నాకెలా తెలుస్తుంది? ఇన్నేళ్ళూ నాన్నమ్మకి ఉత్తరం చదువుతూ నువ్వు అంతకుముందే ఆగిపోతున్నావని నాకు తెలియదుగా!"

పిల్ల పేపరు మడిచి కిటికీ గట్టు మీద పెట్టింది. మడత సరిగ్గా కుదరక మళ్ళీ విప్పి మడిచింది.

"నాకప్పుడు ఏడేళ్ళు. నన్నెవరూ అడగలేదు. అడిగుంటే చెప్పులేసుకోకుండా వచ్చేదాన్ని" అంది.

కోడలు గట్టు మీది పేపరు తీసి, నల్లగీతల మధ్య వాక్యాలు మరోసారి చదువుకుంది.

తప్పు నిన్న జరిగింది. అలాంటి తప్పు సభలో కూర్చునేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ సాధ్యం కాదు.

ఆచూకీ లేకుండా పోయినవాళ్ళ కుటుంబాలకి సాయం ఇచ్చే బిల్లు మీద చర్చ. సముద్రంలో పోయినవాళ్ళు, గనుల్లో పోయినవాళ్ళు, వరదలో కొట్టుకుపోయినవాళ్ళు. మంచి బిల్లే, కాదనడానికి లేదు. ఒక్క మెలిక ఉంది. సాయం కావాలంటే ఇంటి పెద్ద "మా మనిషి చనిపోయాడు" అని రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం అక్కర్లేదు, "ఆచూకీ తెలియలేదు" అంటే చాలు అన్నది కోడలు తెచ్చిన సవరణ. ఒక్క వాక్యం. ఇవాళ మూడింటికి దాని మీద ఓటింగు.

ఆమె సవరణలు గెలవడం అరుదు. అనాథ శవాలకి నంబరు వేసి ఊరుకోకుండా ఆనవాళ్ళు కూడా రాసి ఉంచాలంది, ఓడిపోయింది. మానసిక ఆసుపత్రుల గదులకి లోపలివైపు కూడా గడియ ఉండాలంది, నవ్వారు. జైల్లో ఉన్న ఆడవాళ్ళకి కాన్పప్పుడు సంకెళ్ళు తియ్యాలన్నది ఒక్కటి నెగ్గింది. ఆ రోజు అత్తగారు వీధి వీధంతా చెప్పుకుని తిరిగింది.

నిన్న మాత్రం సభ చెవి ఒగ్గి వింది.

"మా ఆయన ఎక్కిన ఓడలో పద్ధెనిమిది మంది, అధ్యక్షా. పదకొండేళ్ళు అవుతోంది. ఒక్క చెక్క ముక్క ఒడ్డుకి రాలేదు. రేవు ఆఫీసు నుంచి ఏటా మా అత్తగారికి ఒక కాగితం వస్తుంది, నీ కొడుకు పోయాడని సంతకం పెట్టు అని. ఆవిడ పెట్టలేదు. ఒక తల్లి చేత కన్నకొడుకుని చంపించి గాని ఈ ప్రభుత్వం అన్నం పెట్టదా?"

రేవుల మంత్రి లేచాడు. మర్యాదస్తుడే, కానీ నోట్లో పుల్లవిరుపు మాట ఎప్పుడూ ఒకటి సిద్ధంగా ఉంటుంది.

"గౌరవ సభ్యురాలి బాధ మాకు అర్థమవుతోంది. కానీ తప్పిపోయారంటున్నవాళ్ళలో సగం మంది ఇంటి పోరు పడలేక ఏ రేవులోనో దిగిపోయి, ఇంకో కాపురం పెట్టుకున్నవాళ్ళే. వాళ్ళ కోసం ప్రభుత్వం గుమ్మంలో దీపం పెట్టుకుని కూర్చోవాలా?"

అటువైపు బల్లల మీంచి నవ్వులు. కోడలికి చిర్రెత్తుకొచ్చింది. సంచిలోంచి ఉత్తరం కవరు తీసింది.

"ఇది మా ఆయన ఆఖరి రేవు నుంచి రాసిన ఉత్తరం. ఇల్లు వద్దనుకున్నవాడు ఇలా రాస్తాడేమో వినండి." మొదటి కాగితంలో నాలుగు ముక్కలు చదివింది. అమ్మకి నమస్కారాలు, ఇంజను పాడై ఓడ ఆగిపోయింది, ఇక్కడి నీళ్ళు ఉప్పన, పిల్లకి పళ్ళు ఊడుతున్నాయా, నా మీద బెంగపెట్టుకోకండి.

"అది అసలా, నకలా?" మంత్రి అడిగాడు. "అసలైతే సభ ముందుంచగలరా?"

రెండేళ్ళ క్రితం ఒకసారి నకలు చూపించి సభంతటి చేతా చీవాట్లు తింది. అందుకే నిన్న అసలు ఉత్తరమే పట్టుకెళ్ళింది. అప్పుడే గంట మోగింది. మూడు నిమిషాలూ అయిపోయాయి. చేతిలో ఉన్న మొదటి కాగితాన్ని కవరులోకి తోసి, కవరుతో సహా మార్షల్ చేతిలో పెట్టేసింది. "ఇదిగో, ఉంచుతున్నాను!"

బల్లలు చరిచారు. ఆ చప్పుడులో కవరులో రెండో కాగితం ఉందన్న సంగతే ఆమెకి తట్టలేదు.

సాయంత్రం సభ ముగిశాక మెట్లు దిగుతుంటే తట్టింది. మళ్ళీ పైకి పరిగెత్తింది. పత్రాల విభాగంలో గుమాస్తా అప్పటికే ఉత్తరం మీద ముద్ర వేసి, నంబరు రాసి, నకళ్ళు తీయించాడు.

"ఒక్క కాగితం వెనక్కి ఇచ్చెయ్యండి. పొరపాటున వచ్చింది."

"సభ ముందు పెట్టిన కాగితం సభదైపోతుందమ్మా. మీకు తెలియనిదా?" అన్నాడాయన, ముసలాయన, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "నకళ్ళు పేపర్లవాళ్ళు పట్టుకుపోయారు కూడాను. నేను అప్పటినుంచీ ఆ రెండో పేజీయే చదువుతున్నాను. మా అమ్మాయి మొగుడు కూడా ఓడ మీదే."

పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ ఉత్తరాన్ని అత్తగారికి చదివి వినిపించేది కోడలు. మొదటి కాగితం అయిపోగానే "ఇట్లు, మీ కొడుకు" అని తనే కలిపేసేది. ఆ కాగితం మీద అతని సంతకం లేదు. "అంతేనా?" అని అడిగేది అత్తగారు. "అంతే అత్తయ్యా." ఆవిడ ఉత్తరం అందుకుని, సంతకం ఉందనుకున్న చోట వేలితో ఒకసారి తడిమి, తిరిగి ఇచ్చేసేది.

హాల్లో ఫోను మోగింది. కంటి డాక్టరు. సభలో అవతలి పార్టీ సభ్యుడు, అయినా మనసున్నవాడు. తన వంతు నిమిషాలు అప్పుడప్పుడు ఆమెకి ఇస్తుంటాడు. అందుకు సొంత పార్టీలో మాటలు పడ్డాడు కూడా.

"ఇవాళ నీకు నావి నాలుగు నిమిషాలు ఇస్తున్నాను. మొత్తం ఏడు. పండగ చేసుకో" అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆయన గొంతు తగ్గించాడు. "పేపరు చూశాను. మంత్రి దాన్ని వదలడు. మొగుడు పిలిస్తే ఈవిడే వెళ్ళలేదు, అతనేదో దారి చూసుకున్నాడు, ఇదీ వీళ్ళ ఆచూకీ లేకపోవడం అంటాడు. నీ సవరణ గంగలో కలుస్తుంది."

"తెలుసు."

"ఒక దారి ఉంది. ఆ రోజుల్లో మీ అత్తగారికి తుంటి ఎముక విరిగిందని ఒకసారి అన్నావు. మంచాన పడ్డ అత్తగారిని వదల్లేక ఆగిపోయానని చెప్పు. సభ కరిగిపోతుంది. మా వెనక బల్లలవాళ్ళు పదిమంది నీ వైపు వస్తారు, నాదే పూచీ. ఆ పద్ధెనిమిది ఇళ్ళ కోసమైనా చెప్పు."

"ఉత్తరంలో ఇంకా ఉంది డాక్టరుగారూ. పేపరువాళ్ళు మూడు వాక్యాలే వేశారు."

"మొత్తం ఎవరు చదువుతారమ్మా? ఆ పత్రాలు చదివేది పురుగులూ, నువ్వూను."

ఆమె ఫోను పెట్టేసేసరికి తలుపు తెరుచుకుని ఉంది.

అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. జుట్టు ముడి వేసుకుంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది గాని, కూర్చోవడం మాత్రం మిషను ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. గదిలో ఆ పాత కుట్టుమిషను, గోడకి కొడుకు పని చొక్కా, మంచం కింద దారపుఉండల డబ్బా.

"ఆ సంతకం కాగితం ఎక్కడ పెట్టావు?" అని అడిగింది.

"ఏ కాగితం?"

"రేవు ఆఫీసుది. ఏటా పంపిస్తారుగా. తే. పెన్ను కూడా తే."

కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. "అదెందుకు ఇప్పుడు?"

"పెట్టేస్తాను." అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. "పొద్దుటినుంచీ ఆలోచించాను. అప్పుడే కదూ నేను స్నానాల గదిలో జారిపడ్డాను? మూడు నెలలు మంచం మీదే ఉన్నాను. అన్నీ నువ్వే ఎత్తిపోశావు. వాడు రమ్మని రాశాడు, నేను పడి ఉన్నాను, నువ్వు కదల్లేకపోయావు. ఒడ్డున ఉండాల్సినవాణ్ణి నా ఎముక ఓడెక్కించింది."

"అత్తయ్యా..."

"నన్ను చెప్పనీ. అందుకే నువ్వు ఆ పేజీ నాకు చదవలేదు. నేను కుమిలిపోతానని. ఇంత కడుపులో పెట్టుకుని ఎలా తిరిగావే తల్లీ?" చెయ్యి చాచి కోడల్ని దగ్గరకి లాక్కుంది. కాజాలు కుట్టి కుట్టి కాయలు కాసిన వేళ్ళు కోడలి చెంప మీద ఆగాయి. "మొగుణ్ణి వదులుకుని అత్తకి చాకిరీ చేసినదాన్ని నిన్నే చూశాను. కన్నకూతురు చెయ్యదు."

పెళ్ళై వచ్చినప్పటినుంచీ అత్తగారు ఇలా చెంప నిమిరింది లేదు. ముద్దుపేర్లు పెడుతుంది, మెచ్చుకుంటుంది, వీధిలో పొగుడుతుంది. కానీ తాకడం ఆవిడకి అలవాటు లేదు. తల్లి లేని కోడలికి ఆ చెయ్యి కింద కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోవాలనిపించింది. నోరు విప్పకపోతే చాలు. సభా కరుగుతుంది, ఇల్లూ నిలుస్తుంది.

"ఇంక వాడొస్తాడని ఏ మొహం పెట్టుకుని ఎదురుచూడను?" అత్తగారు అంటోంది. "పంపించినదాన్ని నేనే. సంతకం కూడా నేనే పెడతాను. కాగితం తే."

ఆ సంతకం పడితే ఇన్నేళ్ళ ఎదురుచూపూ ముగిసిపోతుంది. సంతకం పెట్టనన్న తల్లే పెట్టేసిందంటే మధ్యాహ్నానికి సవరణా పోతుంది. కానీ ఆ క్షణాన కోడలికి సవరణ గుర్తుకు రాలేదు. చెయ్యని తప్పుకి ఈ ముసలావిడ తన కొడుకుని తన చేత్తో చంపుకోబోతోంది, అదొక్కటే కనపడింది.

"మీకోసం ఆగలేదు అత్తయ్యా" అంది.

చెంప మీద చెయ్యి అలాగే ఉంది.

"మీ కాలు అప్పటికి కుదురుకుంది. కర్ర పట్టుకుని నడుస్తున్నారు, గుర్తులేదా? పై వాటా దర్జీ భార్య మిమ్మల్ని చూసుకుంటానంది. నేను టిక్కెట్లు కూడా కొన్నాను."

"కొన్నావా?"

"కొన్నాను. నాకూ పిల్లకీ."

"మరి?"

"వెళ్ళాలనిపించలేదు."

చెయ్యి కిందకి దిగిపోయింది.

వెనక గుమ్మం దగ్గర అలికిడైంది. కూతురు వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. కోడలు వెనక్కి తిరగలేదు. తిరిగితే ఇంక చెప్పలేనని తెలుసు.

"అప్పుడు ఆసుపత్రిలో మా నర్సుల సమ్మె. సంఘానికి నేను కార్యదర్శిని. ఇంకో వారం బిగబడితే గెలుస్తాం అనిపించింది. అదొక్కటే అయితే అడ్డు కాదు. కోపం కూడా ఉంది. ఎప్పుడూ ఆయన ఏదో రేవులో దిగడం, పిలవడం, నేను మూటాముల్లే సర్దుకుని పరిగెత్తడం. ఈసారి ఆయనే రానీ అనుకున్నాను. ఒక్కసారి నా దగ్గరకి ఆయన రానీ."

"ఓడెక్కేస్తానని రాశాడు కదే."

"రాస్తారు గాని వస్తారులే అనుకున్నాను. తొమ్మిదో రోజు సెలవు పెట్టి గుమ్మంలో కూర్చున్నాను. మీరు అడిగారు, ఇవాళ ఇంట్లో ఉన్నావేమే అని. తలనొప్పన్నాను."

పై వాటాలో ఎవరో బట్టలు జాడిస్తున్నారు.

"ఆ రోజు వెళ్ళాలనిపించలేదు" అంది కోడలు. "ఆ తర్వాత వెళ్ళాలనిపించని రోజు లేదు. సభలో కూర్చున్నా, బస్సెక్కినా, ఎవరింటికి పలకరింపుకి వెళ్ళినా, ఆ రేవుకే వెళ్తున్నట్టుంటుంది. ఆయన నిలబడి ఉంటారు. నేను ఆలస్యమైపోయాను అంటాను. పర్లేదులే అంటారు. అంతే. అంతకన్నా ఇంకేమీ అడగను నేను."

ఏడ్చేసింది. ఆమె ఏడుపు ఎవరూ చూడలేదు ఇన్నేళ్ళలో. కూతురు కూడా చూడలేదు. ఇప్పుడు చూసి, దగ్గరకి రావాలో వద్దో తెలియక గోడనే అంటిపెట్టుకుంది.

"మిగతాది చెప్పు" అంది అత్తగారు.

"ఏది?"

"ఆ రెండో పేజీ. పేపరులో మూడు వాక్యాలే ఉన్నాయని ఫోనులో అన్నావుగా. మిగతాది చెప్పు."

"ఉత్తరం నా దగ్గర లేదు అత్తయ్యా. సభలో..."

"నీకు నోటికి రాదూ?"

వచ్చు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా వచ్చు. కానీ పైకి అనడం ఇదే మొదటిసారి. కోడలు మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది. సభలో మాట్లాడే గొంతు కాదు, పాఠం అప్పజెప్పే పిల్ల గొంతు వచ్చింది.

"ఇది నీకు. ఇక్కడ మరమ్మతుల షెడ్డులో పని ఇస్తామన్నారు. మేస్త్రీ మంచివాడు. కెప్టెన్ నన్ను వదలడానికి ఒప్పుకున్నాడు. ఒక ఇల్లు చూశాను. రెండు గదులు. మేడ మీద వాటా ఖాళీగా ఉంది గాని కింది వాటాయే అడిగాను, అమ్మ మెట్లు ఎక్కలేదు కదా. ఇంటావిడ వరండాలో కుట్టుమిషను పెట్టుకోనిస్తానంది. ఎదురుగానే బడి. ఒంటిగంటకి పిల్లలు బయటకి వచ్చి చేసే గోల మన వరండాలోకి వినిపిస్తుంది. మన పిల్ల గొంతు అందులో ఎలా కలుస్తుందా అని నిన్న గంటసేపు అక్కడే నిలబడ్డాను. ముందు నువ్వూ పిల్లా రండి. అమ్మ కాలు గట్టిపడ్డాక నేనే వెళ్ళి తీసుకొస్తాను. తొమ్మిది రోజులు ఓడ ఇక్కడే ఉంటుంది. పిల్లని తీసుకుని వచ్చెయ్. నువ్వు రాకపోతే మళ్ళీ ఓడెక్కేస్తాను. కోపంతో కాదు. ఆ రెండు గదుల్లో ఒక్కణ్ణే ఉండలేను."

అత్తగారు కళ్ళు మూసుకుని వింది.

"వరండాలో వెలుతురు వస్తుందని రాశాడా?"

"రాయలేదు అత్తయ్యా."

"చూసే ఉంటాడు. కాజాలకి వెలుతురు కావాలని వాడికి తెలుసు. చిన్నప్పుడు నా నీడ గుడ్డ మీద పడకుండా దీపం పట్టుకుని నిలబడేవాడు." ఆవిడ కళ్ళు తెరిచింది. చూపు గోడ మీద చొక్కా దాటి ఎక్కడికో పోయింది. "మేడ మీదిది వదిలేసి కిందది అడిగాడు. నాకోసం. ఇంటావిడతో మిషను సంగతి కూడా మాట్లాడి పెట్టుకున్నాడు."

"అవును."

"నా కొడుకు నాకు ఇల్లు చూశాడు. పదకొండేళ్ళు నువ్వు దాన్ని నాకు చెప్పకుండా దాచావు."

"చెప్తే నన్ను పొమ్మంటారని భయమేసింది."

అత్తగారు చీర చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

"ఆ రేవు ఆఫీసు కాగితం ఎక్కడుందో తీసి చింపి పారెయ్. నేను సంతకం పెట్టను. నిన్నటిదాకా ఊరికే తల్లి మనసు చంపుకోలేక పెట్టలేదు. ఇప్పుడు తెలిసింది, వాడికి ఒడ్డు మీద బతకాలనుంది. అంత ఆశ పెట్టుకున్నవాడు ఎక్కడో దిగే ఉంటాడు. వస్తాడు."

కోడలు అత్తగారి పాదాల మీద చెయ్యి వెయ్యబోయింది. ఆవిడ పాదాలు వెనక్కి తీసుకుంది.

"సభకి వేళైందిగా. వెళ్ళు. మూడు నిమిషాలిచ్చినా, ఎన్నిచ్చినా, అడగాల్సింది అడుగు. ఆ పద్ధెనిమిది మంది తల్లుల తరఫునా అడుగు. నా పేరు కూడా చెప్పుకో, వద్దనను."

"చెప్తాను అత్తయ్యా. నా ఎముక విరిగిందని మాత్రం చెప్పను... మీ ఎముక అని చెప్పను. నిజమే చెప్తాను." తడబడి, ఏడుపులోనే కొంచెం నవ్వింది.

అత్తగారు నవ్వలేదు.

"చెప్పుకో. కానీ అటునుంచి ఇక్కడికి రావద్దు."

"అత్తయ్యా?"

"నీ బట్టలూ పుస్తకాలూ పంపిస్తాను. నిన్ను తిట్టను. శాపనార్థాలు పెట్టను. నీ మీద ఎవరైనా నోరు పారేసుకుంటే ఊరుకోను కూడా. కానీ రోజూ పొద్దున్న లేచి నీ మొహం చూసి, ఆ రెండు గదులు గుర్తుచేసుకోవడం నావల్ల కాదే." ఆవిడ గోడ మీది చొక్కా వైపు తిరిగింది. "వాడొచ్చాక ఇద్దరూ కలిసి రండి."

వీధిలో కారు హారను మోగింది. సభ నుంచి వచ్చిన కారు. డ్రైవరుకి తొందరెక్కువ. ఒకసారి మోగించి ఊరుకోడు.

కోడలు లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, ఎందుకో తెలియకుండానే. కూతురి వైపు చూసింది. నువ్వు వస్తావా అని అడిగినట్టుంది ఆ చూపు.

పిల్ల గోడ దగ్గరనుంచి కదిలింది. తల్లి దగ్గరకి వచ్చింది. ఒక్క క్షణం ఆగి, ఆమె చెంప మీద తడిని అరచేత్తో తుడిచింది. తర్వాత తల్లిని దాటుకుని వెళ్ళి మంచం మీద నాన్నమ్మ పక్కన కూర్చుంది.

"నాన్నమ్మా" అంది, "బడి ఎదురుగానే అన్నాడుగా?"